తాతయ్య పెట్టెలో కన్నెమరా హోటల్ చీటీ దొరికింది, ఏ కాలం నాటిదో చెప్పగలరా?

నుంగంబాక్కం నాని

అందరికీ నమస్తే. మాది గుంటూరు, చెన్నై వచ్చి పద్నాలుగేళ్లయింది. పోయిన వారం ఊళ్లో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, ట్రంకు పెట్టె అడుగున పరిచిన పేపరు కింద ఒక చీటీ దొరికింది. అరచేతంత ఉంటుంది, నలుచదరంగా, ఒక మూల చెదలు తినేసింది. ప్రయాణాల్లో పెట్టెలకి అంటించుకునే రకం. వెనక జిగురు పసుపుపచ్చగా అట్టకట్టుకుపోయి ఉంది, అంటే ఎవరూ అంటించలేదు, అలాగే దాచారు. ముందువైపు పొడుగాటి తెల్లమేడ బొమ్మ, రెండు కొబ్బరిచెట్లు, పైన ఇంగ్లీషులో కన్నెమరా హోటల్, మద్రాస్ అని, అడుగున సన్నక్షరాల్లో స్పెన్సర్ కంపెనీ పేరు. వెనక పెన్సిల్‌తో "2 రూ. 6 అ." అని రాసుంది. అంతే.

తాతయ్య ఆ హోటల్లో దిగే మనిషి కాదు. 1946 నుంచి గుంటూరులో ఒక పొగాకు వ్యాపారి దగ్గర గుమాస్తా. సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, కొనుగోలుదార్లు వస్తే మద్రాసులో కన్నెమరాలోనే దిగేవారని, వాళ్లకి శాంపిల్ ఆకు చూపించడానికి తాతయ్యని మెయిల్ రైల్లో పంపేవారని అమ్మ చెబుతుంది. వర్జీనియా ఆకు ఎండిపోతే పొడైపోతుందని తడిగుడ్డలో చుట్టి, దానిమీద పేపరు చుట్టి, ఒళ్లో పెట్టుకుని రాత్రంతా కూర్చునేవారట. పడుకుంటే నలిగిపోతుందని భయం.

నేను రోజూ ఆఫీసుకి ఆ హోటల్ ఉన్న బిన్నీ రోడ్డు మలుపు మీదుగానే వెళ్తాను, ఒక్కసారి కూడా తల తిప్పి చూసింది లేదు. ఈ చీటీ ఏ సంవత్సరానిదో కనుక్కోవచ్చా?

మౌంట్ రోడ్ మామయ్య

మంచి ప్రశ్న నాయనా. ముందు పేర్లు తేల్చుకుందాం, పేరు తేలితే సగం పని అయినట్టే.

అక్కడ హోటల్ 1854 నుంచీ ఉంది, కానీ అప్పుడు దాని పేరు ఇంపీరియల్. పెట్టింది ఇంగ్లీషువాడు కాదు, తిరువల్లిక్కేణి రత్నవేలు మొదలియార్ అనే ఆయన. 1867లో వేరే మొదలియార్లు లీజుకి తీసుకుని ఆల్బనీ అని మార్చారు. ఆ తర్వాత, పుస్తకాల లెక్కలో 1886లో, కన్నెమరా అయింది. 1891లో స్పెన్సర్స్ యజమాని యూజీన్ ఓక్‌షాట్ హోటల్ని, చుట్టూ ఉన్న స్థలాన్ని కొనేశాడు. 1895లో పక్కనే స్పెన్సర్స్ పెద్ద షాపు కట్టింది కూడా ఆ స్థలంలోనే. ఇప్పుడున్న స్పెన్సర్ ప్లాజా దాని జాగాలో వచ్చిందే, పాత ఎర్రమేడ మంటల్లో పోయింది.

నీ చీటీ మీద స్పెన్సర్ పేరుంది కాబట్టి 1891కి ముందుది కాదు. తాజ్ పేరు లేదు కాబట్టి తాజ్ వాళ్ల చేతికొచ్చిన 1984కి తర్వాతది కాదు. ఇంక మధ్యలో తొంభై మూడేళ్లు మిగిలాయి, అందరూ తలో చెయ్యి వేయండి.

సౌకార్‌పేట సుబ్బు

నాకో డౌటు. పేరు మారింది, ఓనరు మారాడు, మేడ పడగొట్టి మళ్లీ కట్టారు. ఇంకా 1854 నుంచి ఉన్న హోటల్ అని ఎలా అంటారు? మా వీధిలో ఒక మెస్సు ఉంది, నాలుగు చేతులు మారింది, బోర్డు మీద మాత్రం 1961 నుంచి అని ఉంటుంది. అప్పటి సాంబారు ఇప్పుడుందా?

మౌంట్ రోడ్ మామయ్య

సాంబారు సంగతి నాకు తెలీదు గానీ జాగా అదే, వ్యాపారం అదే, మధ్యలో తాళం పడలేదు కదా. పేరు మార్చుకున్న మనిషికి పుట్టినరోజు మారుతుందా?

ఇంకో మాట. 1854 అంటే మద్రాసులో రైలు ఇంకా లేదు. రాయపురం నుంచి ఆర్కాటు వైపు మొదటి బండి నడిచింది 1856లో. హార్బరూ లేదు. ఓడ దూరంగా ఆగితే అలల మీదుగా మసూలా పడవల్లో ఒడ్డుకి తెచ్చేవాళ్లు. పేరులోనే మన మచిలీపట్నం వినిపిస్తుంది చూడండి. మేకు అన్నది లేకుండా కొబ్బరిపీచు తాడుతో పలకలు కుట్టిన పడవలు అవి, అల కొడితే వంగేవి గానీ విరిగేవి కావు. అలా ఒడ్డున పడ్డవాడు తెలిసినవాళ్ల బంగళా ఉంటే అక్కడికి పోయేవాడు, లేకపోతే హోటలే దిక్కు. ఆ రోజుల్లో ఒక మొదలియార్ మౌంట్ రోడ్డు పక్కన తెల్లవాళ్ల కోసం హోటల్ పెట్టాడంటే ధైర్యమే.

కోడంబాక్కం కిట్టు

మా నాయనమ్మకి హోటల్ అంటే ఇడ్లీ దొరికే చోటు. రూము దొరికేది లాడ్జి. 1970ల్లో మా నాన్న సినిమా పనిమీద ఎవరినో కన్నెమరాలో కలవడానికి వెళ్తున్నానంటే, అక్కడ పెసరట్టు బాగుంటుందా అని అడిగిందట. మన తెలుగులో ఇప్పటికీ అంతే, హోటల్ అంటే టిఫిన్.

తెలుగు సినిమావాళ్ల అసలు అడ్డా వుడ్‌ల్యాండ్స్ కదండీ. ఉడిపి కృష్ణారావుగారు 1938లో రాయపేటలో రామనాథపురం రాజావారి బంగళా లీజుకి తీసుకుని పెట్టారు. 1952లో మైలాపూర్లో న్యూ వుడ్‌ల్యాండ్స్, 1962లో కెథెడ్రల్ రోడ్డు మీద డ్రైవ్ ఇన్. కారు దిగక్కర్లేదు, తలుపుకి ట్రే తగిలించి టిఫిన్ పెట్టేవాళ్లు. కారు లేనివాళ్లం లోపల కూర్చునేవాళ్లం, ఒక్క కాఫీ మీద మూడు గంటలు, ఎవరూ లేవమనేవాళ్లు కాదు. ఎంతమంది కథలు అక్కడ చెప్పుకున్నారో. 2008లో మూసేశారు, ఇప్పుడు సెమ్మొళి పూంగా. పార్కు బాగానే ఉంది, ఎవరు కాదన్నారు.

అలాగే పూనమల్లి హైరోడ్డు మీద దాసప్రకాశ్. సీతారామరావుగారిది, అదీ ఉడిపివాళ్లదే, 1954లో తెరిచారు. ఎగ్మూరులో బండి దిగిన శుద్ధ శాకాహారుల్లో సగం మంది అక్కడికే. ఆ మేడా లేదిప్పుడు.

సౌకార్‌పేట సుబ్బు

కిట్టుగారూ, చీటీ వదిలేసి ట్రే దగ్గరికి వెళ్లిపోయారు.

కోడంబాక్కం కిట్టు

ఆకలి వేళ రాశాను, క్షమించాలి.

రాయపేట రమ

మామయ్యగారూ, 1886 దగ్గర నాకు పేచీ ఉంది. అందరూ ఒకరిని చూసి ఒకరు రాసేస్తున్నారు, లెక్క కట్టి చూశారా ఎవరైనా?

ఆ హోటల్‌కి ఎవరి పేరు పెట్టారంటారో ఆ గవర్నరు అసలు పేరు రాబర్ట్ బర్క్. ఆయన మద్రాసులో గవర్నరుగా చేరింది 1886 డిసెంబరులో. అప్పటికి ఆయన లార్డు కాదు, ఉత్త మిస్టర్ బర్క్. కన్నెమరా బేరన్ అనే బిరుదు ఇచ్చింది 1887లో. కన్నెమరా అనేది ఐర్లండ్‌లో పడమటి వైపు ఒక ప్రాంతం పేరు. మరి 1887లో వచ్చిన బిరుదు 1886లో హోటల్ బోర్డు మీదికి ఎలా ఎక్కింది? నేనైతే 1887 తర్వాతే అంటాను.

ఇంక ఆ ప్రసిద్ధమైన కథ. 1889 నవంబరులో ఒక రాత్రి గవర్నరు భార్య లేడీ సుసాన్ ఆయన ప్రవర్తన భరించలేక గవర్నమెంటు హౌసు నుంచి బయటికి నడిచి వచ్చేసి ఈ హోటల్లో దిగిందని, అందుకే హోటల్‌కి ఆమె పేరు పెట్టారని. ఆమె విడాకులు తీసుకున్న మాట నిజం, 1890లోనే కోర్టు ఇచ్చింది, ఆయన పదవి కూడా ఆ ఏడే వదిలేశాడు. ఆ రోజుల్లో గవర్నరు పెళ్లాం గవర్నరు మీద కోర్టుకెక్కడం అంటే చిన్న విషయం కాదు. కానీ పేరు కథ మాత్రం రెండు విధాలా నిలబడదు. 1886 నిజమైతే ఆమె వచ్చేసరికి హోటల్‌కి ఆ పేరు ఉండనే ఉంది. ఆమె వల్ల వచ్చిందంటే 1886 అబద్ధం. రెండూ ఒకే వ్యాసంలో పక్కపక్కనే రాస్తారు, ఎలా మింగుడు పడుతుందో నాకు తెలీదు.

నాకు నచ్చే ముడి వేరే ఉంది. ఈ లేడీ సుసాన్ ఎవరనుకున్నారు? డల్హౌసీ కూతురు. మనం స్కూల్లో రాజ్యసంక్రమణ సిద్ధాంతం అని బట్టీ పట్టాం చూడండి, ఆ డల్హౌసీ. 1854లో మొదలియార్ ఇంపీరియల్ తెరిచినప్పుడు గవర్నర్ జనరల్ కుర్చీలో ఉన్నది ఆవిడ తండ్రే.

మౌంట్ రోడ్ మామయ్య

రమమ్మా, నలభై ఏళ్లుగా 1886 అని అందరికీ చెప్పుకుంటూ వస్తున్నాను. బిరుదు సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను.

ఆయన్ని మరీ భార్యతో గొడవపడ్డ మనిషిగా మాత్రమే గుర్తు పెట్టుకోవద్దు. 1889లో గంజాం కరువు వచ్చినప్పుడు స్వయంగా అక్కడికి వెళ్లి చూశాడు. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీకి 1890 మార్చి 22న పునాదిరాయి వేసిందీ ఆయనే. అది తెరిచింది 1896లో, అప్పటికి ఆయన ఎప్పుడో వెళ్లిపోయాడు.

రాయపేట రమ

ఆ లైబ్రరీలోనే నా ఎమ్మే సగం జరిగింది. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ రావాల్సిన లైబ్రరీల్లో అదొకటి, తెలుగు పుస్తకాలు కూడా వస్తాయి. ఆటోవాడితో కన్నెమరా అంటే రెండుసార్లు హోటల్ దగ్గర దింపాడు. మూడోసారి నుంచి మ్యూజియం అని చెప్పడం నేర్చుకున్నాను.

ఇంకో తమాషా. మా పనిమనిషి ఆ పేరుని "కన్నిమార్" అనుకుంటుంది. తమిళ పల్లెల్లో కన్నిమార్ అంటే ఏడుగురు కన్యలు, మన అక్కదేవతల్లాంటివాళ్లు. అక్కడ ఒకప్పుడు ఏడు రాళ్లు పాతిన గుడి ఉండేదనీ, దొరలు దాన్ని హోటల్ చేశారనీ ఆవిడ గట్టి నమ్మకం. ఐర్లండ్ సంగతి చెప్పబోయాను. వదిలేశాను, ఆవిడ కథే బాగుంది.

ఇటుక సున్నం

నేను ఆర్కిటెక్ట్‌ని, లేటుగా చూశాను. నానీ, బొమ్మలో మేడ ఎలా ఉంది? ముందు తోరణాలు, స్తంభాలు, ఏటవాలు కప్పు ఉన్నాయా, లేక నున్నగా గీత గీసినట్టు ఉందా? ఎన్ని అంతస్తులు? పక్కన ఎత్తుగా ఇంకో బ్లాకు కనిపిస్తోందా?

నుంగంబాక్కం నాని

నున్నగానే ఉందన్నా. కిటికీల మీద అడ్డంగా సన్నటి పట్టీలు, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే గీత. మూల గుండ్రంగా తిరిగినట్టుంది, లేదా అచ్చువేసినవాడు అలా గీశాడేమో. తోరణాలు లేవు. పక్కన ఎత్తు బ్లాకు ఏదీ లేదు, ఆకాశమే, దాన్ని నారింజ రంగులో వేశారు.

ఇటుక సున్నం

అయితే సగం పని అయిపోయింది.

1930ల్లో స్పెన్సర్స్ డైరెక్టరు జేమ్స్ స్టివెన్ పాత బంగళా మార్కు హోటల్ ఇంక పనికిరాదని కొత్తగా కట్టించాడు. మూడేళ్లు పట్టింది, 1937లో తెరిచారు. నువ్వు చెప్పిన అడ్డపట్టీలు, నున్నటి తెల్లగోడ, అది ఆర్ట్ డెకో అనే కట్టడాల శైలి. ఆ పదేళ్లలో మద్రాసంతా ఆ పిచ్చిలోనే ఉంది. ప్యారీస్ కార్నర్లో డేర్ హౌస్ చూడు, 1940లో వచ్చింది. పట్టీలు ఊరికే అందానికి కాదు. కిటికీ మీద అలా ముందుకు పొడుచుకొచ్చిన సన్‌షేడ్ ఉంటే ఎండ లోపల పడదు, వాన లోపల కొట్టదు. ఏసీలు లేని కాలంలో మద్రాసు మే నెల ఎలా ఉంటుందో ఊహించుకో.

తర్వాత 1970ల మధ్యలో శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా వచ్చి దాన్ని మళ్లీ మార్చాడు. ఆ కొత్త ఎత్తు బ్లాకు, ఈతకొలను అప్పటివే. ఈయనే తర్వాత కొలంబో పక్కన కోట్టేలో వాళ్ల పార్లమెంటు భవనం కట్టాడు. పాతదాన్ని కూలగొట్టకుండా పక్కన కొత్తది నిలబెట్టి రెండూ ఒకదాన్నొకటి చూసుకునేలా చెయ్యడం మామూలు పని కాదు. మా ప్రొఫెసరు ఫస్టియర్లో మమ్మల్ని తీసుకెళ్లి వరండాలో కూర్చోబెట్టి, మీరేమీ రాయొద్దు, గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి చాలు అన్నారు. పావుగంట తర్వాత బేరర్ వచ్చి ఏం కావాలన్నాడు. పదహారు మంది మీద నాలుగు కాఫీలు చెప్పాం.

కాబట్టి నీ చీటీ 1937కీ 1970ల మధ్యకీ మధ్యది. కొత్త బ్లాకు వచ్చాక బొమ్మలో దాన్ని వెయ్యకుండా ఏ హోటలువాడూ ఉండడు, పెట్టిన డబ్బు చూపించుకోవాలిగా.

బెంగుళూరు భాను

ఈ స్పెన్సర్స్ గొడవ మా ఊరికీ ఉంది. ఇక్కడ రేస్‌కోర్స్ రోడ్డు మీద వెస్ట్ ఎండ్ కూడా ఒకప్పుడు వాళ్లదే. 1887లో మిసెస్ బ్రాన్సన్ అనే ఆవిడ పది గదులతో బోర్డింగ్ హౌసుగా మొదలుపెట్టింది, 1912లో స్పెన్సర్స్ కొన్నారు. అది కూడా 1984లోనే తాజ్ దగ్గరికి వచ్చింది. ఊటీ సవాయ్ కూడా వాళ్ల చేతిలోనే ఉండేది. అంటే మద్రాసులో ఓడ దిగి, బెంగుళూరులో గుర్రప్పందాలు చూసుకుని, ఎండాకాలం ఊటీ ఎక్కేవాడికి దారిపొడుగునా ఒకే కంపెనీ పరుపు. రైళ్లలో భోజనాలూ వాళ్లవే, చుట్టలూ వాళ్లవే.

కానీ చెట్ల విషయంలో మా వెస్ట్ ఎండే గెలుస్తుంది, ఇరవై ఎకరాలు. మీది మౌంట్ రోడ్డు ట్రాఫిక్ మధ్యలో.

మౌంట్ రోడ్ మామయ్య

ఇరవై ఎకరాలున్నా బెంగుళూరులో సముద్రం లేదు కదమ్మా. చెట్టుకి చెట్టే కావాలంటే కన్నెమరాలో నిద్రగన్నేరు చెట్టు ఉంది, దాని కింద పెట్టిన రెస్టారెంటుకి ఆ చెట్టు పేరే పెట్టారు, చెట్టినాడు భోజనం.

మౌంట్ రోడ్డులో కన్నెమరాకి పోటీ లేదనుకోకండి. జియాకోమో డాంజెలిస్ అనే ఆయన 1906లో మూడంతస్తుల హోటల్ కట్టాడు. ఆయనకి వంట ఒక్కటే చాలలేదు, బళ్లు తయారుచేసే సింప్సన్స్ కంపెనీవాళ్ల చేత విమానం తయారు చేయించుకుని 1910లో ఐలండ్ గ్రౌండ్స్‌లో టికెట్టు పెట్టి ఎగిరి చూపించాడు. హోటల్ ఓనరు విమానం ఎక్కడం ఏమిటో! ఆ హోటల్ తర్వాత బొసొట్టో అయింది, ఇంకా ఏదేదో అయింది, ఇవాళ అక్కడ నిలబడి అడిగితే చెప్పేవాడు లేడు. కన్నెమరా మిగలడానికి నేను చూసినంతలో ఒకటే కారణం. దాని వెనక స్పెన్సర్స్ లాంటి పెద్ద దుకాణం ఉంది, హోటల్ నష్టం వచ్చినా దుకాణం లాభం మోసింది. ఒక్క మనిషి పెట్టుకున్న హోటల్ ఆ మనిషితోనే పోతుంది.

సౌకార్‌పేట సుబ్బు

సరే, అందరూ ముందువైపే చూస్తున్నారు. వెనక 2 రూ. 6 అ. అని ఉంది కదా, "అ" అంటే అణాలే కదా?

మౌంట్ రోడ్ మామయ్య

శభాష్. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అణాల్లో లెక్క రాశారంటే దానికి ముందే. తాతగారు పనిలో చేరింది 1946. కాబట్టి 1946 నుంచి 1957 మధ్య. తొంభై మూడేళ్ల నుంచి పదకొండేళ్లకి వచ్చాం.

సౌకార్‌పేట సుబ్బు

నేనే అడిగాను గానీ నేనే ఒప్పుకోను. మా నాన్న 1980ల్లో కూడా పావలా అనే వాడు, పన్నెండణాలు అనే వాడు, బజారులో ఎవరికీ అర్థం కాకపోవడమన్నది లేదు. నోట్లో ఉన్న లెక్క చేతిలోకి వస్తుంది. గవర్నమెంటు ఏప్రిల్ ఒకటిన మార్చిందని మా నాన్న రెండో తారీకు నుంచి మారిపోతాడా?

రాయపేట రమ

అనడం వేరు, కాగితం మీద లెక్క రాసుకోవడం వేరు సుబ్బుగారూ. నోటితో పావలా అన్నవాళ్లు కూడా పద్దులో 25 పైసలు అనే వేశారు. అయినా మీ అనుమానం మంచిదే, ఉంచుకోండి.

నానీ, మీ అమ్మగారికి ఇంకేమైనా గుర్తుందేమో అడిగి చూడు. ఇలాంటివి ఫోన్లో కాదు, పక్కన కూర్చుని అడగాలి.

నుంగంబాక్కం నాని

నిన్న అమ్మ వచ్చింది. అడిగాను. మొదట ఏం గుర్తులేదంది, తర్వాత బీన్స్ తుంచుకుంటూ తనే మొదలుపెట్టింది. అమ్మ అప్పటికి పుట్టలేదు, అమ్మమ్మ చెప్పగా విన్న మాట.

ఒకసారి తాతయ్య శాంపిల్ పట్టుకుని మద్రాసు వెళ్లి వారమైనా రాలేదట. రైళ్లు ఆగిపోయాయి, టెలిగ్రాం లేదు, ఊళ్లో గొడవలు, స్టేషన్లు తగలబెడుతున్నారని కబుర్లు. అమ్మమ్మకి పెళ్లై అప్పటికి ఏడాది కూడా కాలేదు. తాతయ్య చివరికి వచ్చి, దొరకి ఆకు నచ్చింది గానీ బండి లేదు, రెండు రోజులు హోటల్ గేటు దగ్గరా మిగతా రోజులు సెంట్రల్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీదా గడిపానని చెప్పారట. ఆ దొర జాలిపడి బేరర్ చేత టీ, బిస్కెట్లు బయటికి పంపించాడట. టీ కప్పు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ బేరరే ఈ చీటీ ఇచ్చాడని అమ్మమ్మ చెప్పేదట.

ఆ గొడవ ఏంటో అమ్మకి తెలీదు. నాకు ఒక అనుమానం ఉంది. మీరు చెప్పండి.

రాయపేట రమ

1952 డిసెంబరు. ఇంకేదీ కాదు.

పొట్టి శ్రీరాములుగారు అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టారు, బులుసు సాంబమూర్తిగారింట్లో, రాయపేట హైరోడ్డు 126 నంబరు. డిసెంబరు 15 రాత్రి పోయారు, 58 రోజులు. ఆ వార్త తెలిశాక ఆంధ్ర జిల్లాలన్నీ అట్టుడికాయి, బళ్లు ఆపేశారు, స్టేషన్ల మీద పడ్డారు, కాల్పులు కూడా జరిగాయి. నెహ్రూగారు 19న ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. తాతగారు ఇరుక్కుపోయింది ఆ నాలుగైదు రోజుల్లోనే.

ఒక్కసారి మ్యాపు తీసి చూడండి. ఆ 126 నంబరు ఇంటి నుంచి బిన్నీ రోడ్డుకి మూడు నాలుగు కిలోమీటర్లు ఉంటుందేమో. అటు శ్రీరాములుగారి కోసం జనం, ఇటు గేటు బయట ఒళ్లో పొగాకు కట్టతో మీ తాతగారు. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. నేను ఏడాదికోసారి వెళ్తాను, చాలాసార్లు వాచ్‌మన్‌, నేను తప్ప ఎవరూ ఉండరు.

కోడంబాక్కం కిట్టు

నాకు నోట మాట రావట్లేదు. మరి రెండు రూపాయల ఆరణాలు? ప్లాట్‌ఫారం మీద ఉన్న రోజుల తిండి ఖర్చు అయి ఉంటుంది. మెస్సులో భోజనం టికెట్లు లెక్కేసుకుని ఉంటారు.

బెంగుళూరు భాను

లేదు, జట్కాకి అయి ఉంటుంది. సెంట్రల్ నుంచి కన్నెమరాకి ఆకు నలగకుండా తీసుకెళ్లాలంటే నడవలేరు కదా. యజమానికి పద్దు చూపించాలి, అందుకే రాసుకున్నారు.

ఇటుక సున్నం

నానీ, అమ్మగారిని తీసుకుని ఒకసారి లోపలికి వెళ్లిరా. 2018లో మళ్లీ బాగుచేసి తెరిచారు. ఎల్ఐసీ మెట్రోలో దిగితే నడిచిపోవచ్చు. ఒక్క కాఫీ తాగి రండి, బిల్లు చూసి కళ్లు తిరగకుండా ముందే మనసు గట్టి చేసుకో.

నుంగంబాక్కం నాని

వెళ్లొచ్చాం, ఇవాళ ఉదయం. అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది, వద్దంటే వినలేదు. గేటు దగ్గర ఒక నిమిషం ఆగింది, ఇక్కడేనా అంది. ఆ గేటు అప్పటిదో కాదో నాకేం తెలుసు, ఇక్కడే అన్నాను.

లోపల కాఫీ చెప్పుకుని కూర్చున్నాక చీటీ తీసి బల్ల మీద పెట్టాను. అమ్మ ముందువైపు చాలాసేపు చూసింది. బయట మేడకీ బొమ్మకీ పోలిక చూస్తూ కిటికీలు లెక్కపెట్టింది. తర్వాత తిప్పి వెనక చూసి నవ్వడం మొదలుపెట్టింది, ఎంతకీ ఆపదు, పక్క బల్లవాళ్లు తిరిగి చూస్తున్నారు.

ఆ చేతిరాత తాతయ్యది కాదట. తాతయ్య "అ" తల వంకర లేకుండా రాసేవారట. ఈ గొలుసుకట్టు "అ" అమ్మమ్మది. చేతికి ఏ కాగితం దొరికితే దాని మీద పాలవాడి లెక్క రాసేదట, పెళ్లి శుభలేఖల వెనక కూడా.

సౌకార్‌పేట సుబ్బు

చెప్పానా! జట్కా అన్నారు, మెస్సు అన్నారు.

అయితే ఆ నెల పాలు రెండు రూపాయల ఆరణాలన్నమాట. గుంటూరులో అప్పుడు శేరు పాలు ఎంతో ఎవరికైనా తెలుసా?